సూర్యునికి ముసుగు

1980లలో నేను తెలుగు పండితునిగా చేరిన బడిలో ఉదయపు ప్రార్థన చెప్పించే భారం నాది. ఒకనాడు వెనుక వరుసలో ఒక పిల్లవాడు సరస్వతీస్తుతికి పెదవి కదపలేదు. క్రైస్తవుల బిడ్డ. “చదువు కావాలి గాని చదువులతల్లి అక్కరలేదా?” అని ఎండలో నిలబెట్టాను. మరునాడూ అతడు నోరు విప్పలేదు. నేనూ పట్టు విడువలేదు.

మూడవనాడు బడి వెనుక గోడమీద బొగ్గుతో ఒక బొమ్మ వెలసింది. నా కళ్ళజోడు, నా పంచె, చేతిలో వీణ. ఆ వీణను పట్టుకున్న తీరు మాత్రం బెత్తం పట్టుకున్న తీరు. పిల్లవాని వ్రేళ్ళకు మసి ఉన్నది. నేనేమీ అడుగలేదు. గోడకు సున్నం కొట్టించాను.

ఈమధ్య హాలండులో 1691లో అచ్చయిన కొన్ని బొమ్మలు చూడగా ఆ గోడ మళ్ళీ కళ్ళముందు నిలిచింది.

ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లకు 1598లో నాంట్ శాసనం ఇచ్చిన రక్షణను పదునాలుగవ లూయీ 1685లో రద్దుచేశాడు. అంతకు మునుపే, 1681 నుండి, వారి ఇళ్ళలో సైనికులను విడిది చేయించాడు. మతం మారేదాకా తిండీ వారిదే, దెబ్బలూ వారికే! బోధకులు పదిహేను రోజుల్లో దేశం విడిచిపోవాలి, తక్కినవారు కదలరాదు. పారిపోతూ దొరికిన మగవారికి ఓడలలో తెడ్లు వేసే శిక్ష. అయినా లక్షన్నరకు పైగా దాటిపోయారని చరిత్రకారుల అంచనా. వారిలో ఎందరికో హాలండు ఆశ్రయమిచ్చింది.

ఆ గడ్డమీదనే ఇరవైనాలుగు బొమ్మల ఈ వరుస పుట్టింది. రచన కోర్నెలిస్ డ్యూసార్ట్‌దంటారు. రాగిరేకునంతా గరుకుచేసి, కావలసినచోట నునుపు తీసి, చీకటిలోనుండి వెలుగును రాబట్టే పద్ధతి. హింసకు తోడైన వారందరూ, రాజు పాపాలు వినే గురువుతో సహా, ఇందులో సన్న్యాసి వేషాల్లో ఊరేగుతారు. పేరేమో ‘వీరులు’! మన ఆలంకారికులు చెప్పిన వ్యాజస్తుతి ఇదే. అచ్చయిన చోటు పారిస్ అని వేయడం మరో వెక్కిరింత.

లూయీ తనను సూర్యునితో పోల్చుకున్నవాడు. చిత్రకారుడు ఆ సూర్యుణ్ణి కాదనలేదు. కిరణాలన్నీ ఉంచి, నడుమ ముఖానికి సన్న్యాసి ముసుగు తొడిగాడు, అంతే. తిట్టు బయటినుండి తేలేదు. రాజు తగిలించుకున్న గుర్తులోనుండే తీశాడు. నా పిల్లవాడు చేసినదీ అదే. వీణ నాదే గదా!

మరొక సంగతి. మా తంబళ్లపల్లెకు చేరువనున్న మదనపల్లెలో 1860లలో జాకబ్ చేంబర్లేన్ నిలిపిన ఆర్కాట్ మిషను కేంద్రం అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివారిది. ఆ సంఘం మూలం హాలండు. 1867 వరకు దాని పేరులోనే ‘డచ్’ అన్నమాట ఉండేది. ఆ పిల్లవాని తాతలు ఆ మిషనులో చేరినవారు. పారిపోయి వచ్చినవారికి తలుపు తీసిన శాఖ అది. నేను ఎండలోకి పంపింది ఆ ఇంటి బిడ్డను.

బొమ్మలవల్ల శాసనం తిరిగి రాలేదు. ఫ్రాన్సు ప్రొటెస్టెంట్లకు చట్టం ఎదుట కొంత ఉనికి దొరికింది 1787లో. కాని రాజుగారి ముసుగు ఇప్పటికీ ఊడలేదు.

సున్నం కొట్టించిన మరునాడు ప్రార్థన మొదలు కాకమునుపే ఆ పిల్లవాడు, ఎవరూ చెప్పకుండానే, వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. “వరుసలోకి రా నాయనా” అన్న చిన్నమాట, ఇన్ని కావ్యాలు చదివిన నా నోట, ఆనాడు రాలేదు.