అడుగు మట్టిలోని లోకం

ఖరగ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా మొదట స్ఫురించేది రైలు. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగార్థం వచ్చి స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాలకు అదే స్వగ్రామమైపోయింది. ఆ ఊరికి సముద్రంతో చుట్టరికం ఉన్నదంటే నమ్మేవారు తక్కువ. కాని అక్కడి ఎర్రనేల మీద కురిసిన వాన ఒంటరిగా పోదు, మట్టిని వెంటబెట్టుకొని పోతుంది. ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ పారే కంసావతి, దిగువన ఒక పాయగా కెలెఘాయ్ నదితో కలిసి హల్దీ నది అవుతుంది. హల్దీ నది హల్దియా వద్ద హుగ్లీలో పడుతుంది. ఎగువనేలల మట్టికి అక్కడ కొత్త కాపురం మొదలవుతుంది.

నదీముఖంలో మంచినీరు, ఉప్పునీరు ఎదురెదురుగా వస్తాయి. నీటి వేగం తగ్గినకొద్దీ బరువైన ఇసుక ముందుగా అడుగుకు చేరుతుంది. సన్నని బంకమట్టి రేణువులు మాత్రం చాలాదూరం తేలిపోయి, ఉప్పు తగలగానే ఒకదానికొకటి అంటుకొని గుంపులుగా దిగుతాయి. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు. బంకమట్టి రేణువు 0.004 మిల్లీమీటరు కన్న చిన్నది. మన కంటికి అల్పమైన ఈ తేడాయే అడుగున నివసించే వెన్నెముక లేని జీవులకు ఇంటికీ ఇంటికీ ఉన్న తేడా.

ఇసుకలో రేణువుల మధ్య సందులుంటాయి. నీరూ, ప్రాణవాయువూ లోపలికి దిగుతాయి. 1962లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరంలో అటువంటి సందుల్లోనే బతికే సూక్ష్మజీవరాశిని వర్ణించారు. బురదలో ఆ సందులు ఉండవు. పైపొర దాటితే ప్రాణవాయువు కరవు, మట్టి నల్లబడి గంధకపు కంపు కొడుతుంది. అయితే నదులు తెచ్చిన ఆకుల తుక్కు, కుళ్ళు పదార్థం చేరేది అక్కడే. ఇసుకలో ఊపిరి సులభం, తిండి తక్కువ. బురదలో తిండి సమృద్ధి, ఊపిరి కష్టం. ఏది భరించగలదో దాన్నిబట్టి జీవి తన చోటు వెతుక్కుంటుంది.

1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు హోవార్డ్ సాండర్స్ మసాచుసెట్స్ తీరంలోని బజార్డ్స్ అఖాతంలో ఈ పంపకాన్ని స్పష్టంగా చూపించాడు. నీటిని వడగట్టి తినే జీవులు సన్నని ఇసుకలోనూ, మట్టినే మింగి అందులోని సారం తీసుకునేవి బురదలోనూ ఎక్కువగా కనిపించాయి. అదే అఖాతంలో పరిశోధించిన రోడ్స్, యంగ్ 1970లో మరో విశేషం చెప్పారు. మట్టి తినే పురుగులు అడుగును నిరంతరం తిరగదోడి వదులు చేస్తాయి. చిన్న అలజడికే ఆ బురద పైకి లేచి, వడగట్టి తినే జీవుల నోళ్ళు పూడుస్తుంది. అంటే మట్టి జీవులను ఎంచుకోవడమే కాదు, జీవులూ తమ మట్టిని తామే తయారుచేసుకుంటాయి!

అట్లాగని రేణువు పరిమాణమొక్కటే సర్వాధికారి కాదు. 1994లో స్నెల్‌గ్రోవ్, బట్‌మన్ అంతకుముందు జరిగిన పరిశోధనలను తిరిగి పరిశీలించి, ఆ ఒక్క కొలతతో జీవుల ఉనికిని వివరించడం చాలదన్నారు. ఇసుకను ఒకచోట, బురదను మరొకచోట పరిచే నీటి ప్రవాహమే పసిజీవులనూ, ఆహారాన్నీ కూడా మోసుకువస్తుంది. మట్టి ఆ ప్రవాహం రాసిపెట్టిన చిరునామా వంటిది.

ఆ చిరునామా తారుమారైతే? ఉత్తర బంగాళాఖాత తీరంలో గుర్రపు లాడం ఆకారంలో ఉండే పీతలు రెండు జాతులున్నాయి. ఒకటి ఇసుక తీరాన గుడ్లు పెడుతుంది, మరొకటి మడ అడవుల బురదలో. ఇసుకతీరం కోసుకుపోతే మొదటిదానికి పురిటిల్లు ఉండదు. ఆనకట్టల వెనుక ముతక ఇసుకే ముందుగా ఆగిపోతుంది. కంసావతి మీద ముకుట్‌మణిపూర్ ఆనకట్ట పని 1956లో మొదలైంది. దిగువన 1977లో ప్రారంభమైన హల్దియా రేవుకు ఓడలు రావాలంటే పూడిక తీస్తూనే ఉండాలి. రేవు లేనిదే లక్షలమందికి జీవనోపాధి లేదన్నది నిజమే. కాని తవ్విన చోట అడుగున ఉన్న జీవులు మట్టితోపాటే లేచిపోతాయి. ఆ మట్టి పోసిన చోట ఉన్నవి దాని కింద సమాధి అవుతాయి. పొట్టి ఆయుష్షు గల పురుగులు త్వరలోనే తిరిగివస్తాయి. ఏళ్ళతరబడి ఎదిగే గుల్లలకు ఆ వ్యవధి దొరకదు.

ఇంతకూ ఈ పురుగులూ గుల్లలూ ఉంటేనేం, పోతేనేం? రొయ్యలకూ, చేపలకూ, ఒడ్డున వాలే కొంగలకూ అన్నం పెట్టేవి అవే. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ సముద్రపు అడుగు మట్టిని పట్టి పైకి తెచ్చే సాధనంతో అందులోని జీవులను లెక్కించింది, చేపలకెంత తిండి ఉన్నదో తెలుసుకోవడానికే. నీరు తేటగా ఉన్నదా, లోతు చాలునా అని మాత్రమే చూసే మనం, నదుల మీద నిర్ణయం తీసుకునేముందు అడుగున ఉన్న మట్టి గుప్పెడు తీసి చూడడం మంచిది. వలలో పడబోయే చేప బతుకు ఆ గుప్పెట్లోనే ఉంటుంది.