కరెంటు వీధి

దోహాలో మొట్టమొదట కరెంటు దీపాలు వెలిగింది ముషైరిబ్‌లోని కహ్రబా వీధిలో. ఆ అరబ్బీ పేరుకు అర్థం కూడా కరెంటే. తొంభయ్యో దశకంలో, మా చిన్నప్పుడు, ఆ చరిత్ర ఎవరికీ పట్టేది కాదు. అయినా పేరు వీధికి అతికినట్టుండేది. అటు టేప్‌రికార్డర్లు, ఇటు మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గుమ్మాలకు వేలాడే రంగుబల్బుల దండలు. నేను చెయ్యి చాపితే చాలు, "ముట్టకురా, షాక్ గొడ్తది" అని బాపు గదిమేవాడు.

శుక్రవారం సాయంత్రం కార్మికుల క్యాంపుల నుంచి మనవాళ్ళు దిగేవాళ్ళు. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు. సెలవు మీద ఊరికి పోయేవాడి మొహం దూరం నుంచే తెలిసిపోయేది. టూ ఇన్ వన్ కొనడమంటే ఒక తతంగం. ప్లగ్గు పెట్టించి, క్యాసెట్ వేయించి, రెండువైపులా పాట వినందే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. బేరం సగం హిందీలో, సగం వేళ్ళతో. తరవాత అట్టపెట్టెను నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టి, బాపు ముందు పెట్టేవాళ్ళు. "అన్నా, జర పేరు రాయరాదే." బాపుది ముత్యాల్లాంటి చేతిరాత. నల్ల మార్కరుతో పేరు, ఊరు, మండలం, కింద 'వయా బొంబాయి' అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసేవాడు. మార్కరు మూత పట్టుకునే ఉద్యోగం నాది.

ఇప్పుడా కొట్లు లేవు. 2010లో శంకుస్థాపన చేసి, 31 హెక్టార్ల పాతబస్తీలో చాలా భాగం పడగొట్టి కొత్తగా కట్టారు. కొత్తదాన్ని తిట్టబుద్ధి కాదు. నీడ పడేలా మేడల్ని దగ్గరదగ్గరగా కట్టారు, ఉత్తరపు గాలి వచ్చేలా వీధులు తీర్చారు. జూన్ ఎండలో అమ్మ కొంగు కింద నడిచినవాడికి దాని విలువ తెలుసు. ట్రాము కూడా తిప్పుతున్నారు, టికెట్టు లేదు.

పాత ఇళ్ళు నాలుగింటిని మాత్రం నిలబెట్టి 2015లో మ్యూజియాలు చేశారు. బిన్ జెల్మూద్ ఇంట్లో బానిసల వ్యాపారం గురించి దాపరికం లేకుండా చెప్పారు. ఖతార్‌లో బానిసత్వం రద్దయిందే 1952లో మరి. ఏ దేశమైనా తన నడిబొడ్డున ఇలాంటిది పెట్టుకోవాలంటే గుండె ఉండాలి. పక్కనే కంపెనీ హౌస్. తొలి చమురు కంపెనీ ఆఫీసు అది, అందులో చమురు తీసిన తొలితరం కార్మికుల కథ ఉంది.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాతి కార్మికుల దగ్గరికొచ్చేసరికి వీధి జ్ఞాపకశక్తి కాస్త మందగించిందనిపిస్తుంది. రాతిగోడల ఇల్లు వారసత్వమైతే, తాడు కట్టిన అట్టపెట్టె ఎందుకు కాదు? అది ఏ గ్యాలరీలోనూ కనబడదు. జగిత్యాల వైపు పాత ఇళ్ళల్లో అటకల మీద వెతికితే మాత్రం, బాపు అక్షరాలతో సహా, ఇంకా ఒకటో రెండో దొరక్కపోవు.