పెద్ద సాలీడును పార్సిలు చేయవచ్చునా?

సామెతల గ్రంథము 30వ అధ్యాయము 28వ వచనములో మన తెలుగు బైబిలు బల్లి అంటుంది. ఇంగ్లీషువారి పాత బైబిలులో అదే చోట సాలెపురుగు ఉంది. ఏది సరియైనదో పండితులకే విడిచిపెడదాము. ఈ రోజులలో విదేశాలలో కొందరి ఇండ్లలో గాజుపెట్టెలో ముద్దుగా పెరుగుతున్నది మాత్రము సాలీడే. అరచేయంత టరాంటులాను వారు కుక్కపిల్లవలె పెంచుకుంటారు. అరకు, అనంతగిరి వైపు మా సంఘాలలోని యౌవనస్థులు కొందరు ఇది ఫోనులో చూచి, "చావకుండా ఎట్లా పంపాలి, ఖర్చెంత?" అని మమ్మును అడుగుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ జాతులు మన కొండలకు కొత్తవి కావు. నీలిరంగు సాలీడు ఒకటి గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికితే 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానిని వర్ణించాడు. దుంగలతోపాటు టిక్కెట్టు లేకుండా రైలెక్కి వచ్చిందన్నమాట! నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో అది కనబడినది మాత్రము 2001లోనే. తూర్పు కనుమలనుండి మరొక జాతిని 2006లో వర్ణించారు. ఇవి ముదురు చెట్ల తొర్రలలో కాపురముంటాయి. ఆ చెట్టు వంటచెరకైతే వాటికి ఇల్లు లేదు.

పెంపకందారులు వీటిని పంపే విధము తెలిసినదే. ముందు కొన్ని దినములు మేత పెట్టరు. గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో తడి కాగితము చుట్టూ సర్ది, దానిని థర్మోకోల్ పెట్టెలో ఉంచుతారు. డబ్బా పెద్దదైతే కుదుపుకు సాలీడు పొట్ట పగిలి చస్తుంది. ఎండ తగిలినా అంతే. ఖర్చు పెద్దది కాదు.

అయితే అడవినుండి పట్టినదానికి ఈ పద్ధతి పనికిరాదు. అంతర్జాతీయ తపాలా నిబంధనలు తేనెటీగలను, జలగలను, పట్టుపురుగులను అనుమతిస్తాయి గాని సాలీడును కాదు. ఈ చెట్టు సాలీళ్లను 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందములో చేర్చారు. 2022లో మన వన్యప్రాణి చట్టమును సవరించి అట్టి జీవులను దాని కిందికి తెచ్చారు. 2021 జూలైలో పోలండునుండి మద్రాసుకు వచ్చిన ఒక పార్సిలును కస్టమ్సువారు విప్పితే, వెండికాగితము, దూది చుట్టిన సీసాలలో 107 సాలీళ్లు ప్రాణాలతో ఉన్నాయి. వాటిని తిరిగి పంపించివేశారు.

మొన్న కాఫీ కోతలప్పుడు ఒక తమ్ముడు మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, పట్నంలో ఒకాయన బస్సులో వేసెయ్యమన్నాడు. రెండువేలిస్తాడంట. చెల్లి నర్సింగు ఫీజుకి ఆసరా" అన్నాడు. సంగతులన్నీ చెప్పాము. అమ్మగారు టీ ఇచ్చింది, తాగలేదు. "చెట్లు నరికి లారీలకెత్తినోళ్లకి లేని చట్టం నాకేనా?" అన్నాడు. ఆ మాటకు మా యొద్ద జవాబు లేదు.

సాయంత్రము ఊరి వెనుక పాత పనసచెట్టు తొర్ర దగ్గర డబ్బా మూత తీసి, చేయి తగలకుండా పుల్లతో మెల్లగా నెట్టాడు. ఇది కరిస్తే ప్రాణము పోదు గాని నొప్పి, కండరాల పట్టులు ఎక్కువ. అది లోపలికి పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆదివారము సంఘములో ఫీజుకు కానుక పట్టాము, సగము సమకూడింది. మిగిలిన సగము కాఫీ డబ్బు చేతికొచ్చాక కడతానని కాలేజీవారిని అడిగాడు. వారింకా ఏమీ చెప్పలేదు.