అత్త పుట్టింటి పేరు

మా బుజ్జి మాంట్రియల్‌లో చదువుకుంటోందని ఇంతకుముందు రాశాను కదా. పోయిన వారం నేను ఇడ్లీలు దించే వేళకి ఫోన్ చేసింది. అక్కడ దానికి రాత్రి.

"అమ్మా, నా రూమ్మేట్ వాళ్ల వంశం పదకొండు తరాలు రాసిపెట్టుకుంది. నాయనమ్మలు, అమ్మమ్మలు అందరూ పుట్టింటి పేర్లతో సహా ఉన్నారు. మనకెన్ని తరాలు తెలుసు?"

ఆ పిల్ల పూర్వీకులు 1600ల్లో ఫ్రాన్స్ నుంచి క్యూబెక్‌కి వలస వెళ్లినవాళ్లు. 1663 నుంచి 1673 వరకు ఫ్రాన్స్ రాజు తన ఖర్చుతో దాదాపు 800 మంది ఆడవాళ్లని అక్కడికి పంపించాడట, వలస వెళ్లిన మగవాళ్లని పెళ్లి చేసుకుని స్థిరపడతారని. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ చర్చి పుస్తకాల్లో రాసేవాళ్లు. పెళ్లయినా ఆడమనిషిని పుట్టింటి పేరుతోనే రాసేవాళ్లు. అందుకే ఇన్నాళ్లకి కూడా దొరుకుతున్నారు.

పేర్లు పెట్టడంలో మాత్రం వాళ్లూ మనలాంటివాళ్లే. మగపిల్లలకి ముందు జోసెఫ్, ఆడపిల్లలకి ముందు మారీ అని చేర్చి, ఇంట్లో ఇంకో పేరుతో పిలుచుకునేవాళ్లట. సిపాయిల మారుపేర్లే ఇంటిపేర్లయ్యాయట. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్‌సూసీ అంటే చింత లేనివాడు.

మా నెల్లూరు వైపు పెంచలకోన స్వామికి మొక్కుకుంటే పెంచలయ్య, పెంచలమ్మ. కసుమూరు దర్గాకి మొక్కుకుంటే హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్య, మస్తానమ్మ. మా అమ్మాయిది కూడా వాళ్ల నాయనమ్మ పేరే, పెంచల లక్ష్మి. అత్తని పేరు పెట్టి పిలవలేను గదా, అందుకే బుజ్జి అయింది.

ఆ సాయంత్రం నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. మామగారి వైపు ఐదు తరాలు పొలం కాగితాల్లోనే దొరికాయి, ఫలానా వారి కుమారుడు ఫలానా అని. ఆడవాళ్లు కూడా అక్కడక్కడా ఉన్నారు, 'భార్య' అని. ఏ ఇంటి పిల్లో ఎక్కడా లేదు.

ఇక నా వైపు రాద్దామంటే అమ్మమ్మ దగ్గరే ఆగిపోయాను. ఆమె పుట్టింటి ఇంటిపేరు నాకు తెలియదు. బీఏలో ఇంటిపేర్ల మీద నాలుగు పేజీలు రాశాను. గూడూరు వాళ్లంటే గూడూరు వదిలి వచ్చినవాళ్లు, ఊళ్లోనే ఉంటే ఆ పేరెవరు పెడతారు అని. మార్కులు బాగానే వచ్చాయి. ఇంట్లో ఉన్న అమ్మని మాత్రం ఆ ఒక్క మాట అడగలేదు. అమ్మ పోయి మూడేళ్లు. మేనమామకి ఫోన్ చేస్తే, "ఏదో కావలి వైపు వాళ్లమ్మా" అన్నాడు. అంతే.

లేచి వరండాలోకి వెళ్లాను. దూరంగా పోర్టు దీపాలు వెలుగుతున్నాయి. అత్త చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తా, మీ పుట్టింటి వాళ్ల గురించి చెప్పవా? మీ అమ్మ ఏ ఇంటి పిల్ల?"

అత్త చెయ్యి ఆగింది. "ఎందుకమ్మే?"

"బుజ్జి అడిగింది."

వాళ్లమ్మ ఆత్మకూరు వాళ్ల పిల్ల, అమ్మమ్మ పొదిలి వాళ్ల పిల్ల. ఎవరిని ఎవరికిచ్చారో, ఎవరి పేరు ఎవరికి పెట్టారో అన్నీ చెప్పింది. పుస్తకంలో మూడు పేజీలు నిండాయి. చివర్లో, "పెళ్లయి యాభై మూడేళ్లయింది. మా పుట్టింటి పేరు ఈ ఇంట్లో ఒక్కరూ అడగలా" అనింది. నేనొచ్చి ఇరవై మూడేళ్లు. నేనూ అడగలేదు.

పేజీలు ఫొటో తీసి పంపిస్తే బుజ్జి ఇంకో మాట చెప్పింది. క్యూబెక్‌లో 1981 నుంచి చట్టం ప్రకారం కూడా పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటి పేరుతోనే ఉంటుందట. అత్తకి చెప్తే, "మంచిదే" అని మళ్లీ గింజలు తీసుకుంది.

మా అమ్మమ్మ పేరు పక్కన మాత్రం ఖాళీ ఉంది. వచ్చే నెల కావలిలో ఒక పెళ్లి ఉంది. పెద్దవాళ్లెవరైనా కనబడితే అడుగుతాను. మీ ఇంట్లో ఇంకా అడగడానికి మనిషి ఉంటే, రేపటిదాకా ఆగకండి.