తెగిన ఇరుసు

1944 నాటి మా విల్లీస్ జీపు, వెనుక ఇరుసు తెగి మిట్టదారిన నిలిచిపోయినను, ముందు చక్రముల లివరు వేయగానే మూలుగుచు ఇల్లు చేరినది. ఆ యుద్ధకాలపు బండిలో బరువంతయు గొట్టమువంటి హౌసింగే మోయుచుండగా, లోని కడ్డీ కేవలము చక్రమును త్రిప్పుటకే యున్నది కావున, చక్రము నూడదీయకయే, హబ్బు మీది ఆఱు బోల్టులు విప్పి దానిని వెలికి లాగవచ్చును. లాగితిని, సగమే వచ్చినది!

మిగిలిన తుండు గేరునూనెలో దాగియున్నది. (ఆ నూనె వాసన మూడు స్నానములకును వదలదని నా భార్య యభిప్రాయము, నాకది సుగంధమే.) తీగతో ఉచ్చు పన్ని, చెమటోడ్చి, సాయంకాలమునకు దానిని బయటికీడ్చి దీపము చెంత చూచితిని గదా, పండ్లు పురితాడువలె మెలిపడియున్నవి, తెగిన ముఖము సగము నల్లబడి, సగము వెండివలె తళతళలాడుచున్నది. నల్లనిది పాతపగులు. ఎంతకాలమునుండి ఆ పగులుతోనే నన్ను కొండలెక్కించుచుండెనో!