ఎదురుగాలికి నలుగురు కావాలి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా విశాఖలో అది నిజంగానే అలా పోతుంది. అక్కణ్నుంచి ఏప్రిల్ సగం దాకా తెల్లవారుజాములు ఎంత బావుంటాయో మీకు చెప్పాలి. స్వెట్టర్ అక్కర్లేదు, చెమట ఇంకా మొదలవదు. జనవరిలో ఆరున్నర దాకా మొహం చూపించని సూర్యుడు ఉగాది నాటికి ఆరింటికల్లా సముద్రం మీద తేలతాడు. ఏడాది పొడుగునా సైకిలు తొక్కేవాళ్ళం కూడా ఈ కొద్ది వారాల కోసమే ఎదురుచూస్తాం. ఆదివారం వస్తే చాలు, బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్ళి, అక్కడ టిఫిన్ చేసి, ఎండెక్కేలోగా ఇల్లు చేరడం మా వాడుక. రానూ పోనూ యాభై అరవై కిలోమీటర్లు.

మేం అంటే ఎవరనుకున్నారు? పోటీలకెళ్ళే వాళ్ళమేం కాదు. ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల వాళ్ళం. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన, ఆయన్ని మేమంతా బాబాయిగారంటాం. స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసే ఒకాయన, హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారు, ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ళు ఇద్దరు, మరికొందరు. టీచరుగారికి సన్నటి టైర్ల రోడ్ బైక్ ఉంది. బాబాయిగారిది గేర్లు లేని పాత హెర్క్యులిస్, వెనక క్యారియర్‌తో సహా. ఆ క్యారియర్ వల్ల మా అందరికీ ఎంత మేలో ముందు ముందు చెబుతాను.

ఐదుంబావుకి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర చేరతాం. ఇంకా చీకటే. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం వెలగందే ఎవర్నీ బయల్దేరనివ్వం. హెల్మెట్ లేకపోతే సరాసరి ఇంటికే. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర బండ్లు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు కాబట్టి అక్కడ మేం కూడా నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో, బెల్లు కొట్టుకుంటూ మెల్లగా వెళ్తాం. లాసన్స్ బే దాటి తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కేసరికి కాళ్ళు వేడెక్కుతాయి. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కైలాసగిరి. ఎత్తు దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒడ్డున ఉన్న ఇసక గాలికి రోడ్డెక్కి మలుపుల్లో పల్చగా పరుచుకుని ఉంటుంది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, సన్నటి టైరు దాని మీద వంగిందంటే పట్టు తప్పిపోతుంది. అందుకే ముందున్నవాళ్ళు 'ఇసకా!' అని గట్టిగా అరుస్తారు. ఆ అరుపు ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా పాకుతుంది.

ఈ అరుపుల గురించి కాస్త ఆగి చెప్పాలి. గుంపులో తొక్కేటప్పుడు వెనకాల ఉన్న మనిషికి రోడ్డు కనిపించదు, ముందరి మనిషి వీపు కనిపిస్తుంది. రోడ్డు చూసే బాధ్యత ముందువాళ్ళది. గొయ్యి ఎడమ పక్కనుంటే ఎడం చెయ్యి కిందకి చాపి చూపిస్తారు. ఆగబోతున్నారంటే అరచెయ్యి వెనక్కి తెరిచి పెడతారు. వెనకనుంచి బస్సు వస్తే చివరి మనిషి 'బండీ!' అంటారు, ఇద్దరిద్దరుగా వెళ్తున్న వాళ్ళంతా ఒకే వరసలోకి సర్దుకుంటారు. ఎవరూ ఉన్నట్టుండి బ్రేకు నొక్కరు, ఉన్నట్టుండి పక్కకి తిప్పరు. కొత్తగా వచ్చినవాళ్ళకి మేం మొదట నేర్పేది వేగం కాదు, ఇదీ. ముందున్న చక్రానికీ మన చక్రానికీ ఓ సైకిలంత ఎడం ఉంచమంటాం. అలవాటయ్యాక అది సగమవుతుంది. మన కళ్ళు ఇంకొకరి చేతిలో పెట్టి అంత దగ్గరగా తొక్కడమంటే, ఆ మనిషిని నమ్మినట్టే. ఒకే వీధిలో ఇరవయ్యేళ్ళు ఉండి 'బావున్నారా' అనే పలకరింపు దాటనివాళ్ళు రెండు ఆదివారాల్లో ఆ నమ్మకానికి వచ్చెయ్యడం నేను చూశాను.

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ దాటాక కబుర్లు మొదలవుతాయి. పక్కపక్కనే తొక్కుతూ మాట్లాడే మాటల తీరే వేరండీ. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది. ఊపిరికి సరిపోయినంత మాటే వస్తుంది, తర్వాత కాసేపు మౌనం, మళ్ళీ మాట. ఆ మౌనానికి ఎవరూ ఇబ్బంది పడరు. కూతురి పెళ్ళి సంబంధం తప్పిపోయిన సంగతి స్టీల్ ప్లాంటాయన ఎదురుగా కుర్చీలో కూచుని ఎన్నడూ చెప్పేవాడు కాదు. రుషికొండ ఎత్తు మీద, రొప్పుతూ, నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. బాబాయిగారు 'పోన్లే నాయనా, మంచిదే ఇంకోటి రాసుంటుంది' అన్నారు. అంతే, ఎత్తు అయిపోయింది, ఇద్దరూ దిగుడులో జారిపోయారు.

రుషికొండ దాటితే ఊరి పోలికలు తగ్గుతాయి. ఎడమ వైపు తొట్లకొండ. దాని మీద బౌద్ధారామం ఉందని నౌకాదళం విమానాల్లోంచి చేసిన సర్వేలో బయటపడింది. తర్వాత 1988 నుంచి కొన్నేళ్ళు తవ్వితే స్తూపాలూ విహారాలూ తేలాయి. కొండెక్కే రోడ్డు నిటారుగా ఉంటుంది. కుర్రాళ్ళిద్దరూ ఒక్కోసారి పైదాకా వెళ్ళొస్తామంటారు. వెళ్ళనిస్తాం. కింద మంగమారిపేట దగ్గర ఆగి నీళ్ళు తాగుతూ వాళ్ళ కోసం చూస్తాం. ఆ టైముకి తెప్పలు ఒడ్డుకొస్తుంటాయి. మత్స్యకార ఆడవాళ్ళు బుట్టల్లో చేపలు ఎత్తుకుని ఆటోల కోసం నిలబడతారు. ఇక్కడ కుక్కలెక్కువ. వెంటపడ్డాయని వేగం పెంచితే అవీ పెంచుతాయి. అందరం మెల్లగా అయిపోయి, అవసరమైతే దిగి సైకిలుని మనకీ దానికీ మధ్య పెట్టుకుని నడిస్తే నాలుగడుగుల్లో వదిలేస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ నిబ్బరం రాదు, గుంపులో వస్తుంది.

ఎర్రమట్టి దిబ్బలు వచ్చేసరికి సూర్యుడు బారెడు లేస్తాడు. వేల ఏళ్ళపాటు గాలీ, సముద్రమూ, వానా కలిసి పోగుపెట్టి కోసిన ఎర్ర ఇసక అది. ఇలాంటివి మన దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. భూగర్భ సర్వే శాఖ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు. లేత ఎండ పక్కనుంచి పడినప్పుడు ఆ ఎరుపు ఎలా ఉంటుందో మధ్యాహ్నం కారులో వచ్చి చూసేవాళ్ళకి తెలీదు. ఈ రోజుల్లో చుట్టుపక్కల జీడిమామిడి తోటలు పూతమీద ఉంటాయి. సన్నటి తియ్యటి వాసన. సైకిలు మీద వెళ్ళేవాడికి వాసనలు విడివిడిగా అందుతాయి: ముందు జీడిపూత, ఆ తర్వాత సరుగుడు, మలుపు తిరిగితే ఎండుచేప. కారు అద్దాలు ఇవన్నీ ఆపేస్తాయి, మోటార్‌సైకిలు వేగం అన్నిటినీ కలిపేస్తుంది.

ఇక భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చి వాళ్ళ సమాధులూ, పాత లైట్‌హౌసూ, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటూ అన్నీ ఉన్నాయి. కానీ మా కాళ్ళు తిన్నగా ఇడ్లీ బండి దగ్గరకే పోతాయి. ఆవిరి పొగలతో ఇడ్లీ, అల్లం చట్నీ, తర్వాత టీ. ఉగాది ముందు ఆదివారం టీచరుగారు అక్కడి వేపచెట్టు కింది కొమ్మ నుంచి పూత రుమాల్లో కోసుకుని, నలగకుండా హెల్మెట్‌లో పెట్టి బాబాయిగారి క్యారియర్‌కి కట్టించారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ నెత్తికి హెల్మెట్ కావాలి కదా అని గుర్తు చేస్తే రుమాలు మూట ఒక్కటీ క్యారియర్ మీదికి మారింది. ఆ పూతతో మా వీధిలో నాలుగిళ్ళకి ఉగాది పచ్చడి అయింది. ఏప్రిల్ వచ్చాక అదే క్యారియర్ మీద తాటిముంజెలు వస్తాయి. సన్నటి టైర్ల ఖరీదైన సైకిళ్ళేవీ ఈ పని చెయ్యలేవు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. భీమిలి విశాఖకి ఈశాన్యాన ఉంది. ఈ కాలంలో మా తీరం వెంట గాలి నైరుతి నుంచి వీస్తుంది, పొద్దెక్కేకొద్దీ బలపడుతుంది. అంటే వెళ్ళేటప్పుడు గాలి ఉండదు, ఉన్నా వీపుని తోస్తుంది. వచ్చేటప్పుడు మొహానికే కొడుతుంది. వెళ్ళేటప్పుడు ప్రతివాడికీ తన కాళ్ళలో సత్తువ ఉందనిపిస్తుంది. తిరిగేటప్పుడు తెలుస్తుంది నలుగురెందుకో.

చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక సైకిలు తొక్కేవాడి శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ముందు ఒక మనిషి ఆ గాలిని చీలుస్తుంటే, వెనకే అంటిపెట్టుకుని తొక్కేవాడికి పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. ఇంకో చిత్రమైన సంగతి వినండి. వెనక మనిషి ఉండటం వల్ల ముందువాడికి కూడా కొంచెం మేలు జరుగుతుంది. ముందువాడి వెనక గాలి సుడి తిరిగి వెనక్కి లాగుతుంది కదా, ఆ ఖాళీని వెనకవాడు నింపుతాడు, లాగుడు కాస్త తగ్గుతుంది. మేలు కొద్దిపాటిదే. కానీ సాయం పొందుతున్నవాడు ఊరికే పొందడం లేదన్న సంగతి నాకు చాలా ఇష్టం.

అందుకని వచ్చేటప్పుడు వరస కడతాం. ముందున్నవాళ్ళు రెండు మూడు నిమిషాలు గాలి కాసి, మోచెయ్యి కదిపి పక్కకి తప్పుకుంటారు, మెల్లగా వెనక్కి జారి తోక పట్టుకుంటారు. తర్వాతి మనిషి ముందుకొస్తారు. ముందుకొచ్చిన ఉత్సాహంలో వేగం పెంచకూడదు, ఉన్న వేగం నిలపాలి. పెంచితే చివర్న ఉన్నవాళ్ళు తెగిపోతారు. తెగిపోయిన మనిషి ఒంటరిగా ఎదురుగాలిలో పడితే మళ్ళీ కలవడం చాలా కష్టం. మా గుంపులో ఒకాయన బ్రెవెలు చేస్తారు. బ్రెవె అంటే 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కాలి, అక్కణ్నుంచి 300, 400, 600 ఉంటాయి. ఫ్రాన్స్‌లో నాలుగేళ్ళకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి వెళ్ళాలని ఆయన కోరిక. తొంభై గంటల గడువు. మా అందరిలో బలమైన మనిషి. ఆయన వెళ్ళేటప్పుడు అందరికంటే చివర ఉంటారు, వచ్చేటప్పుడు గాలి కాయడంలో అందరికంటే ఎక్కువసేపు ముందుంటారు. బాబాయిగారి హెర్క్యులిస్ ఏ వేగంతో వస్తే అదే మా వేగం. ఆదివారం సగటు వేగం ఫోన్లో చూసుకుని మురిసిపోవాలనుకునేవాళ్ళకి వారంలో మిగతా ఆరు రోజులున్నాయి.

పంక్చరైందనుకోండి. అందరూ ఆగుతారు. ఒకరు చక్రం ఊడదీస్తారు, ఒకరు కొత్త ట్యూబు విప్పుతారు. టీచరుగారు మాత్రం టైరు లోపలి వైపు వేళ్ళతో నిదానంగా చుట్టూ తడుముతారు. లారీ టైర్లలోంచి రాలిన వెంట్రుకంత ఇనప తీగ ముక్క ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది, కంటికి కనబడదు. దాన్ని తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరులో మళ్ళీ అదే కథ. ఆవిడ వేలు ఒకచోట ఆగుతుంది. తల పిన్నుతో ఆ ముక్కని బయటికి తోసి అరచేతిలో పెట్టి కుర్రాళ్ళకి చూపిస్తారు. ఈలోగా ఒకరు పంపు కొడుతుంటారు. ఐదు నిమిషాల్లో మళ్ళీ రోడ్డు మీద.

 ఏప్రిల్ సగమయ్యేసరికి ఎండ ఏడింటికే చురుక్కుమంటుంది, మేం దూరం తగ్గించుకుని రుషికొండకే వెనక్కి తిరుగుతాం. కాబట్టి ఉన్న టైము తక్కువ. మీరు మా విశాఖలోనే ఉండనక్కర్లేదు. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. గోదావరి జిల్లాల్లో కాలవగట్లు ఉన్నాయి. మీ ఊరికి మీ రోడ్డు ఉండనే ఉంటుంది. అటకమీది సైకిలు దింపి చైనుకి నూనె పెట్టండి, ముందూ వెనకా దీపాలు కొనండి. కానీ అంతకంటే ముందు పక్కింటివాళ్ళ తలుపు తట్టి 'ఆదివారం వస్తారా' అని అడగండి. ముగ్గురు నలుగురు దొరికితే చాలు, ఎదురుగాలికి సరిపోతారు. టైర్లలో గాలి శనివారం రాత్రే చూసుకోండి.