స్టీరింగు తేలికైనప్పుడు



వీడియో గేములంటే మన పల్లెల్లో పెద్దవాళ్లకు అంత గౌరవం లేదు. పిల్లల కళ్లు పాడవుతాయనీ, సమయం వృథా అనీ అంటాం. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయినా ఈ వారం మేము ఒక గేమింగ్ స్టీరింగును గురించే రాస్తున్నాం. దాన్ని బిగించి సరిచేసేటప్పుడు మాకు తెలిసిన సంగతి ఒకటి మీకూ చెప్పాలని మా ఆశ.

మా సంఘంలో ఒక పెద్దాయన ఇరవై ఏడేళ్లు లారీ నడిపారు. షుగరు ముదిరి, పోయిన ఏడాది ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. క్లచ్ తొక్కే కాలు అది. అప్పటి నుంచి ఆయన గడప దాటి రావడం తగ్గిపోయింది, మాట కూడా తగ్గిపోయింది. చిన్న కొడుకు ఇప్పుడే డ్రైవింగు నేర్చుకుంటున్నాడు. పక్కన కూర్చుని వాడికి నేర్పలేకపోతున్నానే అన్నది ఆయన దిగులు. హైదరాబాదులో పనిచేసే పెద్ద కొడుకు తన పాత ప్లేస్టేషన్ 4ను, దానితో పాటు లాజిటెక్ జీ29 స్టీరింగును పార్సిలులో పంపించాడు. బిగించే పని మాకూ మా యౌవనస్థులకూ పడింది.

మొదట బల్ల సంగతి చూడాలి. ఈ స్టీరింగు ఊరికే తిరిగే బొమ్మ కాదు. లోపల రెండు మోటార్లున్నాయి, అవి చేతిని ఎదురు తోస్తాయి. ప్లాస్టిక్ బల్లకు బిగిస్తే బల్లంతా ఊగుతుంది, ఆ ఊగడంలో సగం సమాచారం పోతుంది. అందుకని బరువైన టేకు బల్ల తెప్పించి, స్టీరింగుకున్న రెండు బిగింపులనూ గట్టిగా తిప్పాం. పెడల్స్ నున్నటి గచ్చు మీద జారతాయి గనుక వాటి వెనుక భాగాన్ని గోడకు ఆనించాం. బ్రేకు పెడల్ లోపల రబ్బరు దిమ్మె ఉంది, గట్టిగా తొక్కితే గాని దిగదు. కాబట్టి చక్రాల కుర్చీ పనికిరాదు, కదలని చెక్క కుర్చీ కావాలి. గేర్లు మార్చడానికి స్టీరింగు వెనకాలే రెండు రెక్కలున్నాయి. క్లచ్ అవసరం లేదు. పెద్దాయనకు కుడి కాలు చాలు.

స్టీరింగు మీది మీటను పీఎస్4 వైపు ఉంచాలి. కరెంటు అడాప్టరు పెట్టకపోతే మోటార్లు పనిచేయవు. అన్నీ కలిపి ఆన్ చేయగానే చక్రం తనంతట తానే ఎడమకూ కుడికీ చివరిదాకా తిరిగి మధ్యలో నిలబడుతుంది. తన మధ్య ఎక్కడో అది అప్పుడే వెదుక్కుంటుంది. ఆ కాసేపు ఎవరూ దాన్ని పట్టుకోకూడదు. ఈ కొస నుంచి ఆ కొసకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు.

గేము గ్రాన్ టురిస్మో 7. ఇది 2022లో వచ్చింది. దాని సెట్టింగుల్లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కింద రెండు అంకెలున్నాయి. ఒకటి గరిష్ఠ టార్క్, అంటే మోటారు ఎంత బలంగా తోయాలో. రెండోది సెన్సిటివిటీ, అంటే చిన్న చిన్న కదలికలు చేతికి ఎంత బాగా తెలియాలో. రెండూ 1 నుంచి 10 వరకు ఉంటాయి. మా కుర్రవాళ్లు టార్కును నేరుగా 10కి పెట్టారు. చక్రం బిగుసుకుపోయింది. భుజాలు నొప్పెట్టేలా తిప్పుతూ, నిజం కారంటే ఇదేనని సంబరపడ్డారు.

అంతవరకు మూల కూర్చుని చూస్తున్న పెద్దాయన, “ఏదీ, ఒకసారి ఇటివ్వండిరా” అన్నారు. మలుపులో రెండుసార్లు తిప్పి తల అడ్డంగా ఊపారు. “అయ్యగారూ, ఇది అరుస్తోందండి. ఏమీ చెప్పట్లేదు.”

ప్రియులారా, ఆ మాట అక్షరాలా నిజం. మోటారు బలానికి ఒక హద్దుంది. గేము అంతకు మించి అడిగితే మోటారు తన హద్దు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పెద్ద మలుపూ ఇంకా పెద్ద మలుపూ చేతికి ఒకటిగానే ఉంటాయి. మలుపు మధ్యలో రోడ్డు అంచు తగిలినా ఆ చిన్న అదురు తెలియదు, ఎందుకంటే మోటారు దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. మరీ తగ్గిస్తే లోపలి గేర్ల రాపిడే చిన్న సంగతులను మింగేస్తుంది. మేము టార్కును ఒక్కో అంకె దించుకుంటూ వచ్చి, పెద్దాయన చాలన్న చోట ఆపాం. 4 దగ్గర ఆగింది. మీ గేముకూ మీ చేతికీ వేరే అంకె కుదరవచ్చు.

దించాక అసలు సంగతి బయటపడింది. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు స్టీరింగును మధ్యకు లాగుతుంటాయి. ఆ లాగుడే చేతికి బరువుగా తెలుస్తుంది. టైరు పట్టు తన హద్దుకు చేరేసరికి ఆ లాగుడు తగ్గుతుంది. పట్టు పూర్తిగా పోకముందే స్టీరింగు తేలికవుతుంది. హెచ్చరిక బరువుగా వస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ అది తేలికగా వస్తుంది.

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ అనే దారి ఈ గేములో ఉంది. 1927లో తెరిచిన దారి అది. కొండలూ అడవీ మధ్య 20.8 కిలోమీటర్లు. “మారేడుమిల్లి ఘాటులాగే ఉందిరా” అన్నారు పెద్దాయన. అక్కడ చిన్న కొడుకు ఒక దిగుడు మలుపులో వేగంగా వెళ్లాడు. బండి బయటికి జారుతుంటే స్టీరింగును ఇంకా తిప్పాడు. తండ్రి చెయ్యి వాడి చేతి మీద పడింది.

“ఇంకా తిప్పకు నాన్నా. తేలికైంది చూశావా? టైరు రోడ్డును వదులుతోంది. యాక్సిలరేటరు మీద కాలు తియ్యి. స్టీరింగును కొంచెం వెనక్కి రానియ్యి. బొటనవేళ్లు లోపలికి మెలిపెట్టకు, గుంటలో పడితే చక్రం విదిలించి కొడుతుంది. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో.”

ఆ సాయంత్రం ఆయన మాట్లాడినంత, ఏడాది మొత్తం మీద మాట్లాడగా మేము వినలేదు. వానలో లారీ తేలిపోయిన రాత్రులు, పాత లారీల స్టీరింగు విదిలింపులు, లోడు ఎక్కువైతే బ్రేకు వేయాల్సిన చోటు, అన్నీ వచ్చాయి. కొడుకు చేతులు చక్రం మీద ఉన్నాయి, తండ్రి చేతులు వాటి మీద ఉన్నాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గేములో కారు పల్టీ కొడితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. రోడ్డు మీద అలా కుదరదు. లారీ బరువు వేరు, దాని స్టీరింగు తిరిగే చుట్లు వేరు, ఎదురొచ్చే పశువులూ మనుషులూ వేరు. ఈ యంత్రం లైసెన్సుకూ శిక్షణకూ బదులు కాదు. కానీ చేతితో వినడం అనేదొకటి ఉందని ఆ కుర్రవాడికి తెలిసింది. అది తండ్రి నుంచే తెలిసింది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది కొంటే, బల్ల కదలకుండా బిగించండి, బలాన్ని మాత్రం తగ్గించి మొదలుపెట్టండి. బండి తోలడం తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వారినీ పక్కన కూర్చోబెట్టండి. ముందుగా వారి చేతికే ఇవ్వండి. ఏ అంకె దగ్గర ఆపాలో వారు చెబుతారు.